బొమ్మ ఆగిందా, ఆపారా?

మొన్నామధ్య ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో టీవీలో బొమ్మ నిలిచిపోయింది. నిలిచిపోయిందనే మేమంతా అనుకున్నాం. దాని మీద పుట్టిన తగాదా పదిహేను రోజులు నడిచింది. భోజనాల దగ్గర నడిచింది, కాఫీల దగ్గర నడిచింది. ఒకరోజు నేను స్నానాల గదిలో ఉండగా మా నాన్నగారు తలుపు అవతల నిలబడి మరీ నడిపించారు.

మేము చూస్తున్నది సత్యజిత్ రాయ్ గారి "చారులత". 1964లో వచ్చిన బెంగాలీ చిత్రం, నలుపు తెలుపు. ఇంటర్నెట్‌లో వెతికి పెట్టింది మా అబ్బాయి. వాడికి హఠాత్తుగా ఉత్తమాభిరుచి పుట్టుకొచ్చిందనుకోకండి. కాలేజీలో ఏదో పాఠం చెబుతూ నేను ఆ సినిమా ప్రసక్తి తెచ్చానట, ఆ ఊపులో ఇంట్లో కూడా రెండు రోజులు అదే మాట్లాడానట. ఒకసారి చూపించేస్తే ఈ పీడ వదిలిపోతుందని వాడి ఎత్తు.

సరే, చూశాం. రెండు గంటలు బుద్ధిగా కూర్చున్నాం. చివరి ఘట్టం వచ్చింది. మనసు విరిగి ఇల్లు విడిచి వెళ్ళిన భర్త తిరిగి వస్తాడు. తలుపు దగ్గర భార్య నిలబడి ఉంటుంది. లోపలికి రమ్మంటుంది. చెయ్యి చాస్తుంది. అతను తటపటాయిస్తాడు. మెల్లిగా తనూ చెయ్యి చాస్తాడు. ఇద్దరి వేళ్ళ మధ్యా ఇంక బెత్తెడు దూరం ఉందనగా బొమ్మ కదలడం మానేసింది.

"ఛ! నెట్ పోయింది" అంటూ మా అబ్బాయి లేచాడు. ముందుగదిలో గోడకి తగిలించిన రౌటరును ఒకసారి ఆర్పి వెలిగించడం మా ఇంట్లో సంధ్యావందనం లాటిది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్న మా అమ్మ, "అయిపోయిందిరా, కూర్చో" అంది. వాడు వినిపించుకోలేదు. తెర మీద నిలిచిన బొమ్మ పోయి మరో నిలిచిన బొమ్మ, అది పోయి ఇంకొకటి వచ్చింది. ఈలోపున వాడు మీట నొక్కేశాడు. ఈసారి టీవీ నిజంగానే ఆగిపోయింది.

మళ్ళీ పెట్టించుకుని ఆఖరి పది నిమిషాలూ చూశాం. ఇబ్బంది నెట్‌ది కాదు, రాయ్ గారిదేనని తేలింది. అక్కడి నుంచీ అసలు రగడ.

ఈ చిత్రం చూడనివారి కోసం కథ కాస్త చెబుతాను. 1879-80 ప్రాంతపు కలకత్తా. భూపతి కలిగినవాడు, మంచివాడు, ఇంగ్లీషులో "సెంటినెల్" అనే రాజకీయ పత్రిక నడుపుతూ ఉంటాడు. ఆ పత్రికే అతని లోకం. భార్య చారులతకి పెద్ద ఇల్లూ, నౌకర్లూ, బోలెడంత తీరుబడీ ఉన్నాయి. పిల్లలు లేరు. సాహిత్యం అంటే ప్రాణం. ఆ ఊసు ఎత్తడానికి మనిషి లేడు. ఇంతలో ఒక గాలివాన రోజున భూపతికి వరస తమ్ముడు అమల్ వచ్చి దిగుతాడు. కవిత్వం రాస్తాడు, పాటలు పాడతాడు. చారుకి తోడుగా ఉండి ఆమె చేత రచన చేయించమని భూపతే అతనికి పురమాయిస్తాడు, పాపం. చారు మనసు అమల్ మీదికి పోతుంది. అది గ్రహించిన అమల్ భయపడి, రాత్రికి రాత్రి చీటీ రాసిపెట్టి వెళ్ళిపోతాడు. అదే సమయంలో చారు అన్నగారు డబ్బు కాజేసి పారిపోవడంతో పత్రిక మూతపడుతుంది. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి భార్యాభర్తలు సముద్రపు ఒడ్డుకి వెళతారు. ఇద్దరం కలిసి కొత్త పత్రిక పెడదామనుకుంటారు: రాజకీయాలు ఇంగ్లీషులో, సాహిత్యం బెంగాలీలో. తీరా ఇంటికి వచ్చాక అమల్ దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది. ఎవరూ చూడటం లేదనుకుని చారు ఆ పేరు తలుచుకుని భోరుమంటుంది. భూపతి చూస్తాడు. మారు మాట్లాడకుండా బండెక్కి వెళ్ళిపోతాడు. చాలాసేపటికి తిరిగి వస్తాడు. ఆ రావడమే నేను ముందు చెప్పిన ఘట్టం.

మాధవీ ముఖర్జీ చారుగా, శైలేన్ ముఖర్జీ భూపతిగా, సౌమిత్ర చటర్జీ అమల్‌గా నటించారు. ఈ చిత్రానికి 1965లో బెర్లిన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. ఆ సంగతి నేను చెబితే మా నాన్నగారు, "బహుమతి వస్తే తప్పు ఒప్పయిపోతుందిట్రా?" అన్నారు.

ఆయన హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. "కథ మొదలెట్టినవాడికి ముగించే పూచీ ఉంది. హరిదాసు మంగళం పాడకుండా చిడతలు కింద పెట్టి వెళ్ళిపోతే ఊరుకుంటామా? ఆ చేతులు కలిశాయా లేదా? అది చెప్పడానికి మీ రాయ్ గారికి దారి తోచలేదు. తోచక బొమ్మ ఆపేశాడు. దానికి మీరంతా కళ అని పేరు పెట్టారు."

మా ఆవిడ సాధారణంగా మామగారి మాటకి ఎదురు చెప్పదు. ఆ రోజు చెప్పింది. "కలిసినట్టు చూపిస్తే అది అబద్ధం అయ్యేది మావయ్యగారూ. కలవనట్టు చూపిస్తే ఆ అమ్మాయికి అన్యాయం అయ్యేది. ఇంకేం చేస్తాడు మరి?"

మా అబ్బాయి, "రెండో భాగం తీద్దామనుకున్నారేమో తాతయ్యా" అన్నాడు. వాడి కాలంలో ప్రతి సినిమా అలాగే ముగుస్తోంది గనక వాణ్ణి తప్పు పట్టలేం.

మా నాన్నగారి ఆరోపణకి పెద్ద వెన్నుదన్ను ఒకటుంది; అది వేరెవరో కాదు, రవీంద్రనాథ్ ఠాగూర్. ఈ చిత్రానికి మూలం ఆయన 1901లో రాసిన "నష్టనీడ్" అనే పెద్దకథ. నాన్నగారు దాన్ని ఏనాడో ఇంగ్లీషు అనువాదంలో చదివారు. అందులో ముగింపు ఇలా గాలిలో వేలాడదు. చారు తన నగలు తాకట్టు పెట్టి అమల్ క్షేమం కనుక్కోవడానికి రహస్యంగా తంతి ఇప్పిస్తుంది. దానికి వచ్చిన జవాబు భూపతి చేతిలో పడుతుంది. అలా అతనికి తెలుస్తుంది. చివరికి భూపతికి మైసూరులో పత్రికా సంపాదకుడిగా పని దొరుకుతుంది. నన్నూ తీసుకువెళ్ళమని చారు అడుగుతుంది. గుండె నిండా మరొకణ్ణి పెట్టుకున్న మనిషిని పక్కన పెట్టుకుని ఆ దూరదేశంలో బతకడమా అని భూపతికి ప్రాణం ఒప్పదు. ఆమె మొహం పాలిపోవడం చూసి, జాలిపడి, సరే రమ్మంటాడు. అప్పుడు చారు వద్దంటుంది. ఒకే ఒక చిన్న మాటతో వద్దంటుంది. కథ అక్కడ సరి. గూడు చెదిరిపోయింది. సందేహం లేదు.

ఇంత తెగతెంపుగా మహాకవి రాసి ఇచ్చినదాన్ని రాయ్ ఎందుకు మార్చినట్టు? ఇది మా నాన్నగారొక్కరే వేసిన ప్రశ్న కాదు. చిత్రం వచ్చిన రోజుల్లోనే బెంగాలులో దుమారం లేచింది. మూలానికి ద్రోహం చేశాడని అశోక్ రుద్ర వంటి విమర్శకులు రాశారు. రాయ్ ఊరుకోలేదు. సాధారణంగా విమర్శలకి జవాబులివ్వని మనిషి, దీనికి మాత్రం కూర్చుని బెంగాలీలో ఒక పెద్ద వ్యాసం రాశారు. ఏ ఘట్టం ఎందుకు మార్చానో, ఏ పాత్రని ఎందుకు అలా నడిపానో వరసగా వివరించారు. తన చిత్రాలన్నిటిలో లోపాలు తక్కువ ఉన్నది ఇదేననీ, మళ్ళీ తియ్యవలసి వస్తే ఇలాగే తీస్తాననీ తరవాతి కాలంలో చెబుతూ వచ్చారు. తీసినవాడే అంత నిబ్బరంగా చెప్పాక ఇంక తగవెందుకని మా ఆవిడ అంది.

"ముద్దాయి సాక్ష్యం చెల్లదమ్మా" అన్నారు నాన్నగారు.

అదీ నిజమే. అందుకని ముద్దాయిని కాసేపు పక్కన పెట్టి, యంత్రం సంగతి చూద్దాం. వెనకటికి ఈ చిత్రం హాలులో చూసినవారిలో కూడా రీలు ఇరుక్కుందని అనుకున్నవారు ఉండే ఉంటారు. కాని రీలు ఇరుక్కుంటే ఏమవుతుందో పాతకాలపు ప్రేక్షకులకి తెలుసు. ప్రొజెక్టరులో సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు దీపం ముందు నుంచి పోతూ ఉంటాయి. కదులుతున్నంతసేపే ఫిల్ముకి క్షేమం. ఆ దీపం వేడికి ఒక్క బొమ్మ అక్కడే నిలబడిపోయిందో, నడిమధ్య గోధుమరంగు మచ్చ లేచి, బుడగలు కట్టి, హీరోగారి మొహం మన కళ్ళముందే కరిగిపోతుంది. హాలంతా ఈలలు. బొమ్మ చక్కగా, స్థిరంగా, మచ్చ లేకుండా తెర మీద నిలబడిందంటే దాని అర్థం: ఎవరో ప్రయోగశాలలో కూర్చుని ఆ ఒక్క బొమ్మనే పదేపదే ముద్ర వేయించారు. అయిదు సెకన్లు నిలపాలంటే నూట ఇరవైసార్లు. నిలకడగా కనిపించడానికి అంత కదలిక కావాలి. పొరపాటున జరిగే పని కాదది. పైగా ఒక్క బొమ్మ కాదు; చారు, భూపతి, దీపం పట్టుకుని నిలబడ్డ నౌకరు, దూరం నుంచి ఆలుమగలిద్దరూ, ఇలా ఒకదాని తరవాత ఒకటి.

బొమ్మని ఇలా నిలిపి ముగించడం రాయ్ కనిపెట్టిన విద్య కూడా కాదు. అయిదేళ్ళ ముందు, 1959లో, ఫ్రెంచి దర్శకుడు త్రూఫో తన మొదటి పెద్ద చిత్రంలో, బాలల సంస్కరణశాల నుంచి పారిపోయిన కుర్రాణ్ణి సముద్రం దాకా పరుగెత్తించి, వాడు వెనక్కి తిరిగి మన వంక చూసిన క్షణాన బొమ్మని ఆపేశాడు. "ది ఫోర్ హండ్రెడ్ బ్లోస్" అని ఇంగ్లీషులో పేరు. ప్రపంచమంతా దాన్ని గురించి మాట్లాడుకుంది.

"సరే, కావాలనే ఆపాడు. ఒప్పుకున్నాను" అన్నారు నాన్నగారు మూడోరోజున. "కావాలని చేసినంత మాత్రాన తప్పు కాకుండా పోతుందా? కావాలని చేసిన తప్పు అంటాను."

ఇక్కడ నేను గట్టిగా మాట్లాడవలసింది. తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి, ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. నోరు పెగల్లేదు. కారణం చెబుతాను, నా విద్యార్థులెవరైనా ఇది చదివితే దయచేసి క్షమించాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో డిగ్రీ వాళ్ళ పాఠ్యపుస్తకంలో ఒక పద్యం ఉండేది. విరహంలో ఉన్న నాయిక వర్ణన. అందులో ఒకచోట "నది" పొంగినట్టు ఉంది. పరిసరాల్లో నది లేదు. ముందు పద్యంలో లేదు, వెనక పద్యంలో లేదు. ఉన్నట్టుండి నది. నేను ఊరుకుంటానా? "చూశారా! నది ఎక్కణ్ణుంచి వచ్చింది? నాయిక కన్నీరే నది. కవి కన్నీరు అనలేదు, నది అన్నాడు. ఇదే ధ్వని" అని ఆరేళ్ళపాటు చెప్పాను. పిల్లలు నోట్సు రాసుకున్నారు. పరీక్షల్లో అదే రాస్తే మంచి మార్కులు వేశాను. ఏడో ఏట ఒక పాత ముద్రణ చేతికి వచ్చింది. అందులో అక్కడ ఉన్న మాట "మది". పొంగింది మనసు. అచ్చుకూర్చిన వారెవరో మకారం బదులు నకారం వేశారు. రెండూ రెండు లఘువులే గనక గణం చెడలేదు; యతిస్థానమూ కాదు, ప్రాసా కాదు. ఛందస్సు నన్ను కాపాడలేకపోయింది. ఒక అచ్చుతప్పుకి నేను ఆరేళ్ళు హారతి పట్టాను.

అప్పటి నుంచీ ఎక్కడైనా అర్థంకానిది కనిపించి, దానికి నా బుద్ధి ఒక అందమైన సమాధానం అల్లబోతే, చెవిలో ఆ నది హోరు వినిపిస్తుంది. మనవాళ్ళకి ఇది పాత జబ్బే. తాటాకు ప్రతుల్లో లేఖకుడు కునుకుపాటులో ఒక అక్షరం మారిస్తే, దానికీ శ్లేష చూపించి గట్టెక్కించిన వ్యాఖ్యాతలున్నారు. రుషి వ్యాకరణం తప్పితే ఆర్షప్రయోగం అంటాం. పెద్దకవి తప్పితే కవులు నిరంకుశులంటాం. మన పిల్లవాడు తప్పితే మాత్రం సున్నా చుడతాం.

ఈ జబ్బు మనదొక్కరిదే కాదనడానికి అమెరికాలో ఒక ముచ్చట ఉంది. 1955లో రాబర్ట్ ఆల్డ్రిచ్ అనే దర్శకుడు "కిస్ మి డెడ్లీ" అని ఒక అపరాధ పరిశోధన చిత్రం తీశాడు. పేరు చూసి కంగారు పడకండి; అందులో ముద్దుల కంటే గుద్దులే ఎక్కువ. అందరూ వెతికే ఒక పెట్టె ఉంటుంది. అందులో ఉన్నది అణుశక్తికి సంబంధించిన ఏదో భయంకర పదార్థం. చివర సముద్రపు ఒడ్డున ఒక ఇంట్లో ఒక ఆడమనిషి ఆశకొద్దీ ఆ పెట్టె తెరుస్తుంది. కళ్ళు చెదిరే వెలుగు, మంట, ఇల్లు పేలిపోతుంది. డిటెక్టివు, అతని సెక్రటరీ లోపలే ఉన్నారు. సమాప్తం. నాయకుణ్ణే చంపి, లోకమంతా తగలబడుతోందన్నట్టు చిత్రాన్ని ముగించిన ఆ దర్శకుడి తెగువని మెచ్చుకుంటూ విమర్శకులు ఏళ్ళ తరబడి రాశారు. అణుయుగపు నిరాశకి ఇంతకంటే నిర్దయమైన ముగింపు లేదన్నారు.

తీరా చూస్తే ఆల్డ్రిచ్ తీసిన ముగింపు అది కాదు. వాళ్ళిద్దరూ ఇంట్లోంచి బయటపడి, ఒకరినొకరు పట్టుకుని, సముద్రపు నీళ్ళలోకి తూలుకుంటూ పోయి, అక్కడి నుంచి ఆ మంటల్ని చూస్తారు. చలామణీలో ఉన్న ప్రతుల్లో ఆ నిమిషం పైచిలుకు ముక్క ఎలాగో లేకుండా పోయింది. దాన్ని తిరిగి చేర్చింది 1997లో. దర్శకుడు 1983లోనే పోయాడు. విమర్శకులు హారతి పట్టింది చిరిగిన పేజీకి. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు, సముద్రాలకి అవతల కూడా నాకు జ్ఞాతులున్నారని కాస్త ఊరట కలిగిందని ఒప్పుకోవాలి.

తమాషా ఏమిటంటే, అదే చిత్రం మొదట్లో నటుల పేర్లు, సాంకేతికుల పేర్లు పైనుంచి కిందికి దిగుతూ వస్తాయి. వరస తలకిందులు. చిత్రం పేరులో కూడా "డెడ్లీ" పైన, "కిస్ మి" కింద. ఆపరేటరు ఏదో తిరగేసి ఎక్కించాడనుకుంటాం. అది మాత్రం బుద్ధిపూర్వకంగా చేసిందే. తప్పులా కనిపించేది ఎంపిక, ఎంపికలా కనిపించింది తప్పు. రెండూ ఒకే చిత్రంలో.

మరి ఎలా తేల్చడం? నది విషయంలో నేను చెయ్యవలసి ఉండి చెయ్యని పని ఒకటుంది. ఆ పద్యాన్ని తక్కిన కావ్యంతో కలిపి చూడటం. కవి మరెక్కడైనా నదిని తలిచాడా? ఆ మాటకి ముందూ వెనకా దారి ఉందా? లేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. చిరిగిన పేజీ తక్కిన పుస్తకంతో మాట్లాడదు. కావాలని ఖాళీ వదిలిన పేజీ మాట్లాడుతుంది. కాబట్టి రెండో ఆదివారం నేను "చారులత"ని మళ్ళీ మొదటి నుంచి చూశాను, ఈసారి ఒక్కణ్ణే, చేతిలో కాగితం పెట్టుకుని.

చిత్రం దేనితో మొదలవుతుందో చూడండి. పేర్లు పడుతూ ఉండగా తెర మీద ఉన్నది చేతులు. చారు చేతులు. చట్రానికి బిగించిన గుడ్డ మీద సూదితో ఇంగ్లీషు "బి" అక్షరం కుడుతూ ఉంటాయి. భూపతి పేరులో మొదటి అక్షరం, అతని జేబురుమాలు. చిత్రం భర్త కోసం పనిచేస్తున్న చేతితో మొదలై, భర్త వైపు చాచిన చేతితో ముగుస్తోంది. మొదటిసారి నేనిది గమనించనేలేదు. పేర్లు పడుతున్నప్పుడు మనం చూసేది పేర్లనే కదా.

ఆ వెంటనే వచ్చే ఘట్టం, చారు మధ్యాహ్నపు ఒంటరితనం. దాదాపు మాటలే లేకుండా సుమారు ఏడెనిమిది నిమిషాలు నడుస్తుంది. తోచక ఇల్లంతా తిరుగుతుంది. పుస్తకం తీస్తుంది, పెడుతుంది. నాటకాలకి తీసుకువెళ్ళే చిన్న దుర్భిణీ ఒకటి తీసుకుని, కిటికీ రెక్కల సందుల్లోంచి వీధిలో పోయేవాళ్ళని చూస్తుంది: కోతులాడించేవాడు, పల్లకీ, గొడుగు పట్టుకున్న లావుపాటి మనిషి. ఒక కిటికీ దాటిపోతే ఇంకో కిటికీకి పరుగెడుతుంది. అంతలో భూపతి పుస్తకం కోసం లోపలికి వచ్చి, చదువుకుంటూ, ఆమె పక్క నుంచే నడిచి వెళ్ళిపోతాడు. ఆమె అక్కడ ఉన్నట్టు చూడడు. చారు ఏం చేస్తుందంటారు? ఆ దుర్భిణీ ఎత్తి, నడవలో పోతున్న మొగుణ్ణి దాంట్లోంచి చూస్తుంది. వీధిలో పోయే గొడుగు మనిషిని చూసినట్టే.

నాలుగు బారల దూరంలో ఉన్న భర్తని దుర్భిణీలో చూడవలసిన ఇల్లు అది. దగ్గరగా కనిపిస్తాడు, అందడు. ఇది మొదటి పది నిమిషాల్లోనే రాయ్ పెట్టుకున్న లెక్క. ఆ లెక్క ప్రకారం చివర ఆ రెండు చేతులూ బెత్తెడు దూరంలో ఆగిపోవడం తోచక చేసిన పని ఎలా అవుతుంది? ఆ బెత్తెడు దూరాన్ని కొలుస్తూనే రెండు గంటలూ గడిపాడాయన.

ఇదంతా నేను సోమవారం ఉదయం నాన్నగారికి చెప్పాను. ఆయన కాఫీ పూర్తిచేసి, గ్లాసు కింద పెట్టి, "మరి ఆ పేరెందుకు వేశాడు?" అన్నారు.

ఇది ఆయన కొట్టిన గట్టి దెబ్బ. నిలిచిన బొమ్మల చివర, దూరం నుంచి ఆలుమగలు కనిపిస్తూ ఉండగా, తెర మీద బెంగాలీ అక్షరాలు పడతాయి: ఠాగూర్ కథ పేరు. నష్టనీడం, అంటే పాడైపోయిన గూడు. "చేతులు కలిశాయో లేదో చెప్పను, మీరే ఊహించుకోండి అన్నవాడు, చివర గూడు పాడైంది అని చీటీ అంటించడం దేనికి? ఏదో ఒకటి చెయ్యాలి. తలుపు వెయ్యకుండా వదిలేస్తే వదిలేయాలి. వదిలేసి, మళ్ళీ వచ్చి గడియ పెట్టడమేమిటి?"

నిజం చెప్పొద్దూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. కథకి నమస్కారంగా ఆ పేరు వేసి ఉండవచ్చు. మూలాన్ని మార్చాడన్న నింద రాబోతోందని ముందే ఊహించి వేసి ఉండవచ్చు. ఏదైనా కానీ, ఆ ఒక్కచోట రాయ్ చెయ్యి కాస్త బరువుగా పడిందని నాకూ అనిపిస్తుంది. ఆపిన బొమ్మ తప్పు కాదు. ఆ అక్షరాలు లేకపోతే ఇంకా బాగుండేదేమో. మా ఆవిడ ఇందుకు ఒప్పుకోదు. ఆ పేరే లేకపోతే మనం రాజీపడ్డారని సంతోషంగా లేచి వెళ్ళిపోయేవాళ్ళమంటుంది.

అంతవరకూ ఈ గొడవలో తలదూర్చని మా అమ్మ అప్పుడు అడిగింది: "నష్టనీడ అంటే ఏమిటి? ఇంటి నీడ పోయిందనా?"

"కాదు. సంస్కృతంలో నీడం అంటే పక్షిగూడు. మన నీడ కాదు అది" అన్నారు నాన్నగారు, క్లాసులో చెప్పినట్టుగా.

"ఏమో, నాకు అలాగే వినిపించింది" అంది అమ్మ. "ఆ నౌకరు దీపం పట్టుకుని నిలబడతాడు కదా. అందరి మొహాలూ కనిపిస్తాయి, నీడలు గోడల మీద పడతాయి. ఆ మనిషి తిరిగి రావడం, దీపాలు పెట్టే వేళకి వచ్చాడు. చేతులు కలిస్తే ఏం, కలవకపోతే ఏం? లోపలికైతే వస్తాడు. అన్నం తింటాడు. రేపు మళ్ళీ ఆ ఇంట్లోనే ఉండాలి ఇద్దరూ. అది ఎలా ఉంటుందో సినిమాలో ఎవరు చూపించగలరు, ఎన్నేళ్ళు తియ్యాలి?"

నాన్నగారు ఏమీ అనలేదు. వాళ్ళిద్దరి పెళ్ళయి యాభై రెండేళ్ళయింది. నా చిన్నతనంలో ఒక ఏడాదిన్నరపాటు నాన్నగారు వేరే ఊళ్ళో ఉద్యోగం చేశారు; ఆ రోజుల్లో ఉత్తరాలు నాకు, మా చెల్లెలికి వచ్చేవి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మ చెంబు తీసుకుని తులసికోట దగ్గరికి వెళ్ళిపోయింది. నీడ అన్న మాటకి ఆవిడ చెప్పిన అర్థం నిఘంటువు ప్రకారం తప్పు. వృత్తిధర్మంగా ఎర్రసిరా పెట్టవలసినవాణ్ణి. పెట్టలేదు.

ఆ శనివారం రాత్రి నాన్నగారే అడిగారు, "ఆ సినిమా ఇంకోసారి పెట్టమను మీవాణ్ణి" అని. ఈసారి అందరం కూర్చున్నాం. మా అబ్బాయి కూడా ఫోను పక్కన పెట్టాడు. తోటలో ఘట్టం వచ్చింది. చారు ఉయ్యాల ఊగుతూ ఉంటుంది. గడ్డిలో పడుకుని అమల్ రాసుకుంటూ ఉంటాడు. ఉయ్యాలతో పాటు ఆమె మొహం మన ముందుకి వస్తుంది, ఆకాశం వెనక్కి పోతుంది. చూస్తూ ఉండగా ఉయ్యాల గాలిలోనే ఆగిపోయింది. చారు మొహం తెర నిండా నిలబడిపోయింది.

మేమెవరం కదల్లేదు. మా ఆవిడ చెంప కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. నేను మనసులో, ఇది కిందటిసారి గమనించనేలేదే, చివరి ఘట్టానికి ఇక్కడే సూచన చేశాడన్నమాట అనుకుంటున్నాను. కాగితం కోసం తడుముకున్నాను కూడా.

ఒక నిమిషం గడిచింది. నాన్నగారు నెమ్మదిగా నా వైపు తిరిగి, "ఇదీ కళేనంటావా?" అన్నారు.

మా అబ్బాయి లేచి రౌటరు దగ్గరికి వెళ్ళాడు.